గుంటూరు గ్రహణము - హీలియము కథ

హీలియమను మూలకమును మొట్టమొదట గుంటూరులో కనుగొనిరను మాట మనము తరచుగా వినుచుందుము. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ మంగళవారమునాడు ఆ పట్టణమున సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. మన పంచాంగము ననుసరించి అది విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఆ గ్రహణమును చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన జూల్స్ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిలో హీలియమును గుర్తించెనని వాడుక. మన ఊరికి దక్కిన ఘనత గదా యని సంతోషింతుము. కాని ఆనాటి లేఖలను, నివేదికలను పరిశీలించినచో కథ కొంత వేరుగా కనబడును. జరుగనిదానిని జరిగినదని చెప్పుకొనుట యొక లోపమైతే, నిజముగా జరిగిన ఘనకార్యమును మరచుట అంతకంటె పెద్ద లోపము. గుంటూరు విషయమున ఈ రెండును జరుగుచున్నవి.

ముందుగా పూర్వరంగము తెలియవలెను. 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంట్, నక్షత్రముల దూరములను, పరిమాణములను, గమనములను మానవుడు కొలువగలడు గాని, అవి యే పదార్థములతో నిర్మితములో ఎన్నటికిని తెలిసికొనజాలడని వ్రాసెను. ఆ కాలమునకు ఆ మాట సమంజసముగానే తోచినది. చేతికందని వస్తువును పరీక్షించుట యెట్లు? కాని పాతిక సంవత్సరములైనను గడవకమునుపే, 1859లో, జర్మనీలోని హైడెల్బర్గ్ నగరమున కిర్కాఫ్, బున్సెన్ అను ఇరువురు ఆచార్యులు ఆ పనికి మార్గము చూపిరి.

పొయ్యిలో ఉప్పురాయి పడినచో మంట పసుపువన్నె దాల్చుట గృహిణులకందరకు తెలిసినదే. ఆ పసుపు, ఉప్పులోని సోడియము లక్షణము. ఆ మంట వెలుగును గాజు పట్టకము గుండా ప్రసరింపజేసినచో, ఇంద్రధనుస్సువంటి ఏడురంగుల పట్టీకి మారుగా రెండు సన్నని పసుపురేఖలు జంటగా కనబడును. వీనికి డి రేఖలని పేరు. ప్రతి మూలకమునకును ఇట్టి రేఖల గుర్తులు వేరువేరుగా కలవు. ఒక మనుష్యుని వ్రేలిముద్ర మరియొకనికి సరిపడనట్లే, ఒక మూలకపు రేఖలు మరియొక మూలకమునకు సరిపడవు. ఈ రేఖలను చూపు పరికరమును వర్ణపటదర్శిని యందురు. దానిని దూరదర్శినికి అమర్చినచో, కోట్లమైళ్ల దూరమునుండి వచ్చిన వెలుగుకూడ తాను పుట్టినచోట ఏయే పదార్థములు కలవో తెలుపును.

ఇక సూర్యుని సంగతి. సంపూర్ణ గ్రహణ సమయమున చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలవంటి ఆకృతులు కనబడుట చాలకాలముగా తెలిసియుండెను. అవి చంద్రునివా, సూర్యునివా యను వాదము 1860లో స్పెయిన్ దేశమున తీసిన గ్రహణ ఛాయాచిత్రములతో తీరెను. అవి సూర్యునివే. అయితే అవి యేమి? మేఘములా, పర్వతములా, జ్వలించు వాయువులా? వర్ణపటదర్శినితో చూచినగాని తెలియదు. గ్రహణకాలమున దక్క అవి కంటికి కనబడవు. అందుచే 1868 నాటి దీర్ఘగ్రహణము కొరకు యూరపులోని శాస్త్రజ్ఞులు ఎదురుచూచుచుండిరి.

ఆ గ్రహణపు నీడ ఏడెన్ ప్రాంతముమీదుగా సముద్రము దాటి, మన దేశమును పడమటినుండి తూర్పునకు అడ్డముగా గడచి, బంగాళాఖాతముమీదుగా సయాము దేశమునకు పోయెను. దారిపొడవునను పరిశీలకులు విడిదులు చేసిరి. జమ్‌ఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, గుంటూరులో మేజర్ టెన్నెంట్, మచిలీపట్టణమున మద్రాసు నక్షత్రశాలాధిపతి నార్మన్ పాగ్సన్ తమ పరికరములతో సిద్ధపడిరి. నైజాము రాజ్యములోని వనపర్తికి అదే నక్షత్రశాలయందు సహాయకుడైన చింతామణి రఘునాథాచారి వెళ్లెను. సయాములో రాజైన మోంగ్‌కుట్ స్వయముగా గణితము చేసి, గ్రహణము చక్కగా కనబడు తావును నిర్ణయించి, విదేశీయులను ఆహ్వానించి, అడవిప్రదేశమున విడిది చేసెను. ఆయన గణితము తప్పలేదు. కాని అచ్చట సోకిన మలేరియా జ్వరముతో అక్టోబరు 1వ తేదీన ఆ రాజు కన్నుమూసెను.

గ్రహణమునకు కారణము నీడయేయని మన దేశమున ఆర్యభటుడు క్రీస్తుశకము 499 నాటికే చెప్పియుండెను. పట్టు విడుపుల కాలములను పంచాంగకర్తలు తరతరములుగా గణించుచునే యుండిరి. గణితమునకు కొరత లేదు. ఆ గణితమును ఆకాశముతో సరిచూచుకొను అలవాటు మాత్రము సన్నగిలియుండెను. రఘునాథాచారి ఈ లోపమును గుర్తించినవాడు. మద్రాసు నక్షత్రశాలలో దూరదర్శినిచెంత ఏండ్లతరబడి పనిచేసి, 1867లో ఒక చరకాంతి నక్షత్రమును, అనగా వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు తారను, ఆయన కనుగొనెను. పిమ్మట పరిశీలనలతో సరిపోవు దృగ్గణిత పంచాంగమును ప్రచురించెను. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటిపోవుటను గూర్చి సామాన్యులకు బోధపడునట్లు ఒక పుస్తకము వ్రాసి పలు భాషలలో ప్రకటించెను. ఈ గ్రహణపు కథలో విదేశీయుల పేర్ల నడుమ ఆయన పేరు మరుగుపడుట తగదు.

జాన్సెన్‌కు అప్పటికి 44 ఏండ్లు. బాల్యమున జరిగిన ప్రమాదముచే ఒక కాలు అవిటియై, కుంటుచు నడచువాడు. అయినను గ్రహణ మెచ్చటనున్న అచ్చటికి పోవుటలో ఆయనకు అలసట లేదు. 1870లో జర్మను సేనలు ప్యారిస్ నగరమును ముట్టడించియుండగా, మరియొక గ్రహణమును చూచుటకై బెలూనెక్కి శత్రుసేనల మీదుగా తప్పించుకొని పోయెననిన ఆయన పట్టుదల ఎట్టిదో ఊహింపవచ్చును. అంత శ్రమపడి ఆల్జీరియా చేరినను, ఆనాడు మబ్బులు మూసికొని ఆయనకు ఏమియు కనబడలేదు. గుంటూరులో మాత్రము అదృష్టము కలిసివచ్చెను. మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు ప్రయాణసౌకర్యములు కల్పించెను. గుంటూరున నివసించుచుండిన ఒక ఫ్రెంచి వర్తకుని మేడ ఆయన పరికరములకు తావైనది. వానకాలపు దినములు, ఆకాశమును నమ్ముటకు వీలులేదు. అయినను గ్రహణమునాటి ఉదయము మబ్బులు పనికి అడ్డురాలేదు.

ఉదయము 9 గంటల ప్రాంతమున సూర్యబింబము పూర్తిగా మరుగుపడెను. ఐదు నిమిషములకు పైగా చీకటి నిలిచెను. టెన్నెంట్ బృందము ఛాయాచిత్రములు తీయుచుండగా, జాన్సెన్ తన వర్ణపటదర్శినిని సౌరజ్వాలలవైపు త్రిప్పెను. వానిలో ఒకటి, సుమారు పది భూగోళములను ఒకదానిపై నొకటి పేర్చినంత ఎత్తున లేచియుండెను. దానిని టెన్నెంట్ ‘పెద్దకొమ్ము’ అని పిలిచెను. జాన్సెన్ కంటికి కాంతివంతములైన రేఖలు కొన్ని కనబడెను. వానిలో ముఖ్యమైనవి ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, రేఖలు. సౌరజ్వాలలు జ్వలించు వాయువులని ఆ నిమిషములలోనే తేలిపోయెను. జమ్‌ఖండిలోను, సయాములోను చూచినవారుకూడ ఈ నిర్ణయమునకే వచ్చిరి.

జాన్సెన్ అంతటితో ఆగలేదు. ఈ రేఖలు ఇంత కాంతివంతముగా నున్నవి గదా, గ్రహణము విడిచిన పిదపకూడ వీనిని చూడలేమా యని ఆయనకు తోచెను. మబ్బులు కమ్ముటచే ఆనాడు మరి ప్రయత్నము సాగలేదు. మరునాడు, ఆగస్టు 19వ తేదీ ప్రాతఃకాలమున, వర్ణపటదర్శినిని సూర్యబింబపు అంచునకు గురిపెట్టెను. రేఖలు కనబడెను! గ్రహణము లేదు, చీకటి లేదు. సూర్యుడు నిండుగా వెలుగుచుండగానే సౌరజ్వాలలు పరీక్షకు దొరకినవి. పిమ్మట 17 దినములపాటు ఆయన గుంటూరులో ఆ జ్వాలలను పరిశీలించి, వాని ఆకారములను గుర్తించి, అవి ఎంత త్వరగా మారిపోవుచున్నవో గమనించెను.

ఇది ఎట్లు సాధ్యమైనదో రేడియో వినువారికి బోధపరచుట సులభము. మీట త్రిప్పునపుడు గరగరమను రొద అన్ని అంకెలమీదను పరచుకొని యుండును. కేంద్రపు ప్రసారము మాత్రము తన అంకెవద్దనే గట్టిగా పలుకును. ముల్లును సరిగా అచ్చట నిలిపినచో రొద అణగి పాట వినబడును. పగటి ఆకాశపు వెలుగు ఆ రొదవంటిది. అందు అన్ని రంగులును కలవు. పట్టకముల సంఖ్య పెంచి దానిని ఎంత వెడల్పుగా పరచిన, అది అంత పలుచబడిపోవును. జ్వాలల వెలుగు కేంద్రపు ప్రసారమువంటిది. కొద్ది రేఖలలోనే ఇమిడియున్నది గనుక, రేఖలు ఒకదానికొకటి దూరముగా జరుగునే గాని పలుచబడవు. అందుచే పగటి వెలుగు మసకబారి, రేఖలు మిగులును. చంద్రుడు అడ్డువచ్చువరకు కాచుకొని, దొరకిన నాలుగైదు నిమిషములలో చూచినదే చూపుగా నుండిన ఖగోళశాస్త్రమునకు గుంటూరులో ఆ బంధనము వీడినది.

ఈ వార్తను జాన్సెన్ సెప్టెంబరు 19వ తేదీన కాకినాడనుండి ప్యారిస్ విజ్ఞానపరిషత్తునకు వ్రాసెను. ఆ ఉత్తరము సముద్రముమీద ప్రయాణము చేయుచుండగా, ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అను 32 ఏండ్ల యువకుడు ఇదే ఉపాయమును స్వతంత్రముగా సాధించుచుండెను. ఆయన యుద్ధశాఖ కార్యాలయమున గుమాస్తా. ఖగోళశాస్త్రము ఆయనకు తీరికవేళల వ్యాసంగము. తాను చేయించుకొనిన వర్ణపటదర్శిని ఆలస్యముగా చేతికి వచ్చుటచే, అక్టోబరు 20వ తేదీన గాని ఆయనకు ఫలితము దక్కలేదు. జాన్సెన్ లేఖయు, లాకియర్ వార్తయు అక్టోబరు 26వ తేదీన పరిషత్తులో ఒకే సమావేశమున చదువబడెను. ముందెవరు, వెనుకెవరు అను తగవు పెట్టుకొనక, పరిషత్తువారు ఇరువురిని సమానముగా గౌరవించిరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను ఒకే పతకముమీద ముద్రించెను.

ఇంతవరకు హీలియము మాట రాలేదు. అది పసుపువన్నె రేఖతో వచ్చును. గ్రహణమునాడు ఆ రేఖను పలువురు చూచిరి. వారిలో అధికులు అది సోడియపు డి రేఖయేయని తలచిరి. కాకినాడనుండి జాన్సెన్ వ్రాసిన లేఖలో క్రొత్త మూలకమను ప్రస్తావన లేదు. మచిలీపట్టణమున పాగ్సన్ మాత్రము ఆ రేఖ సోడియపు రేఖతో సరిగా కలియుట లేదను సందేహమును తన నివేదికలో సూచించెను. ఆ నివేదిక విస్తారముగా ప్రచారములోనికి రాలేదు. 2013లో భారతీయ ఖగోళశాస్త్రజ్ఞుడు బిమన్ నాథ్ హీలియము చరిత్రను గ్రంథముగా వెలువరించి, ఈ సంగతులను పాఠకలోకము దృష్టికి తెచ్చెను.

లాకియర్ ఆ పసుపురేఖ స్థానమును జాగ్రత్తగా కొలిచి, అది సోడియపు జంటరేఖలకు కొంచెము ఎడముగా నున్నదని తేల్చెను. దానికి డి3 అని పేరు వచ్చెను. ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ అను రసాయనశాస్త్రజ్ఞునితో కూడి ప్రయోగశాలలో ఉదజనిని పలువిధములుగా పరీక్షించినను ఆ రేఖ పుట్టలేదు. భూమిమీద ఎవరును ఎరుగని మూలకము సూర్యునిలో కలదను ఊహకు ఇది దారితీసెను. గ్రీకుభాషలో సూర్యునకు హీలియోస్ అని పేరు. దానినుండి హీలియము ఏర్పడెను. 1871లో విలియం థామ్సన్ ఒక విద్వత్సభాధ్యక్షోపన్యాసమున ఈ పేరును ప్రస్తావించెను.

చాలమంది నమ్మలేదు. వారిని మూఢులని తీసివేయరాదు. 1869 గ్రహణమునందు సూర్యుని చుట్టు కిరీటమువలె వెలుగు కరోనాలో ఒక ఆకుపచ్చ రేఖ కనబడెను. దానిని కూడ క్రొత్త మూలకముగా భావించి కరోనియమని పేరు పెట్టిరి. 1940 ప్రాంతమున తేలినదేమనగా, అది మనమెరిగిన ఇనుమే! కరోనాలో వేడిమి పదిలక్షల డిగ్రీలకు పైబడి, ఇనుపపరమాణువులు తమ ఎలక్ట్రానులలో సగమును పోగొట్టుకొనుటచే ఆ వింతరేఖ పుట్టుచున్నది. ఒకే తర్కము ఒకచోట సత్యమునకు, ఒకచోట భ్రాంతికి దారితీసెను. ఏది సత్యమో తేల్చుటకు వస్తువు చేతికి రావలసినదే.

హీలియము 1895లో చేతికి వచ్చెను. లండనులో విలియం రామ్సే, యురేనియము గల క్లీవైట్ అను ఖనిజమును ఆమ్లముతో కలిపి, వెలువడిన వాయువును పరీక్షించుచుండెను. ఆయన వెదకినది ఆర్గాన్ వాయువును, కనబడినది పసుపురేఖ. అది సోడియపు రేఖ కాదు. క్రూక్స్ కొలిచి, అది డి3యే యని ధ్రువపరచెను. తన జీవితకాలముననే ఆ వెలుగును ప్రయోగశాలలో చూచు భాగ్యము లాకియర్‌కు దక్కెను. సూర్యునిలో చూచిన 27 ఏండ్లకు అది భూమిమీద దొరకినది. నక్షత్రముల పదార్థమును ఎన్నటికిని తెలిసికొనజాలమన్న కోంట్ మాటకు ఇంతకంటె బలమైన సమాధాన ముండదు.

కావున హీలియమును కనుగొన్నదెవరు? గుంటూరు, మచిలీపట్టణము, లండను అను మూడు ఊళ్లకును ఇందు భాగము కలదు. అనుమానించినవాడొకడు, కొలిచినవాడొకడు, చేతపట్టినవాడొకడు. గుంటూరు ప్రత్యేకముగా ఇచ్చినది హీలియము కాదు, ఒక పద్ధతి. గ్రహణము కొరకు కాచుకొనక, సూర్యుని ప్రతిదినము పరీక్షింపగల పద్ధతి అది. లాకియర్ ఇంగ్లండులో పసుపురేఖను తీరికగా కొలువగలిగినది ఇట్టి పద్ధతివలననే. మూలకములు నూటికి పైగా కలవు. లోకమునకు క్రొత్త చూపునిచ్చిన పద్ధతులు అరుదు.

ఆ చూపు ఎంత దూరము సాగినదో చూడుడు. రేడియోధార్మిక పదార్థములనుండి వెలువడు ఆల్ఫాకణములు హీలియమేయని 1908లో రూథర్‌ఫర్డ్, రాయ్డ్స్ నిరూపించిరి. అదే సంవత్సరము హాలండులోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్నెస్ హీలియమును ద్రవముగా మార్చెను. ఆ ద్రవము మరుగునది సున్నాకు దిగువ 269 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద. నేడు పెద్ద ఆసుపత్రులలో దేహాంతర్భాగములను చూపు ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములలో అధికభాగము ఆ ద్రవముచేతనే చల్లబడుచున్నవి. 1925లో సెసీలియా పేన్ అను విదుషి, నక్షత్రములు ముఖ్యముగా ఉదజని, హీలియములతోనే నిండియున్నవని చూపెను. సూర్యుని గర్భమున సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల ఉదజని హీలియముగా మారుచున్నది. ఆ మార్పులో వెలువడు శక్తియే మన పగటి వెలుగు. 2019లో హీలియముతో ఉదజని కలిసిన సంయోగమును ఒక నెబ్యులాలో గుర్తించిరి. విశ్వము చల్లబడుచున్నపుడు పుట్టిన తొలి అణువు ఇదేయని శాస్త్రజ్ఞులు అంతకుముందే భావించియుండిరి.

తెలుగునేలకు ఈ కథలో మరియొక ఘట్టము కలదు. పాగ్సన్, రఘునాథాచారి పనిచేసిన మద్రాసు నక్షత్రశాల పని 1899లో కొడైకెనాలునకు తరలెను. దానికి వారసురాలు నేటి భారత ఖగోళభౌతిక సంస్థ. ఆ సంస్థవారు నిర్మించిన కరోనాదర్శినిని మోసికొని, ఆదిత్య ఎల్1 అను నౌక 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసెను. 2024 జనవరి 6వ తేదీన అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరెను. ఆ పరికరము సూర్యబింబపు వెలుగును మరుగుపరచి, తనంతట తానే గ్రహణమును కల్పించుకొని, కరోనాను చూచును. ఒకప్పుడు కరోనియమని భ్రమగొలిపిన ఆ ఆకుపచ్చ రేఖకూడ అది పరిశీలించు రేఖలలో నున్నది.

1868లో మన నేలమీద పరదేశీయులు దూరదర్శినులు నిలిపిరి. రఘునాథాచారివంటివారు బహుకొద్దిమంది వారి సరసన నిలిచిరి. 2023లో ఆ పనిని మనవారే చేపట్టిరి. గుంటూరును గూర్చి మన పిల్లలకు చెప్పునపుడు ఈ సత్యమునే చెప్పుదము. హీలియము అచ్చట దొరకెనని చెప్పిన అది యొక పేరుగా జ్ఞాపకముండును. గ్రహణము విడిచిన మరునాటి ఉదయము ఒక మనుష్యుడు మరల సూర్యునివైపు చూచెనని చెప్పినచో, విన్నవారిలో ఒకరికైనను తామును చూడవలెనను కోరిక పుట్టును.